గడ్డ కరిగిన కథ

పాల్వంచ
09-07-2007

చెల్లె పుష్పకు,

అన్న హాతీరాం దీవించి రాసేది. మీ తండాల సెల్లు మోగదు. మోగినా ఇది ఫోన్ల మాట్లాడే ముచ్చట కాదు. అందుకని కాయితం పట్టిన.

మొన్న ఆదివారం మన భజన మండలికి అశ్వాపురం దిక్కు నుంచి ఒకాయన వచ్చిండు. ముప్పై మంది కూసున్నరు, నేను పురాణం చెప్పుడు అప్పుడే ఆపిన. ఆయన లేచి అన్నడు: "మారాజ్, మీ చెల్లె ఆశ కార్యకర్త అయ్యింది. పిల్లలు పుట్టకుండ చేసే ఆపరేషన్ క్యాంపుకు ఆడోళ్ళ పేర్లు రాసుకుంట తిరుగుతుంది." అందరూ నా మొహం చూసిండ్రు. నేను మంచినీళ్ళు తాగినట్టు చేసి తల దించుకున్న.

పుష్పా, నువ్వు ఏడో తరగతి చదివినవ్. నేను బడి గడప తొక్కలే. దేవుడు నా ఇంట్ల గడ్డ కరిగించినంక, ఆయన కథలు నా కండ్లతోని చదవాలని ముప్పై ఏండ్లు దాటినంక పలక పట్టి దిద్దుకున్న. కాబట్టి గ్రంథం తెరిచే చెప్తున్న. దేవకమ్మ ఆరుగురు బిడ్డలు పోంగ కండ్లార చూసింది. ఏడోది కడుపుల నిలవలే. అప్పుడు నీ అసొంటిది ఒకతె పోయి, ఇగ చాలు తల్లీ, క్యాంపుకు నడువు అంటే ఎనిమిదోవాడు ఎట్ల పుట్టేటోడు?

గడ్డ కథ నీకు తెల్సు, అయినా రాస్త. పంతొమ్మిదేండ్ల కింద మీ వదినె జమ్లికి కడుపుల గడ్డ అన్నరు. నువ్వే ఆమెను ఖమ్మం దవాఖానాకు తోలుకపోతివి. నేను దవాఖానాకు రాలే. భద్రాచలం పోయి రామయ్య ముంగట పదకొండు రోజులు మంచినీళ్ళ మీద పడుకున్న. పన్నెండో రోజు ఇంటికొస్తే జమ్లి గుమ్మంల కూసొని జొన్నలు చెరుగుతుంది. నేను ఆ కథ చెప్పని తండా ఈ జిల్లాల లేదు. అది విని తాగుడు మానినోళ్ళు ఉన్నరు. కడుపును బాగుచేసే దేవుడు ఉండంగ, కడుపు కోసి ముడి వేసే చెయ్యి ఎవరిది?

ఇంకోటి విన్న. ఆ క్యాంపు ఫారంల, తోలుకొచ్చినోళ్ళ పేరు మోటివేటర్ అని రాస్తరట. మంచిది. పాపం చేయించినోళ్ళ పేర్లు గవర్నమెంటే రాసిపెడితే యమునికి పని తక్కువ.

మండలిల ఒక కట్టు పెట్టిన. ఈ దసరా భోగ్ నుంచి, ఆపరేషన్ అయిన ఆడమనిషి దేవుని అగ్గి దగ్గరికి రావద్దు. బెల్లమన్నం వండద్దు, నెయ్యి గరిటె ముట్టద్దు. కుంటి మేకను దేవునికి ఇయ్యం గద, కోసిన కడుపుతోని ఎట్ల పెడుతం?

నా బిడ్డ సంగీత నీ ఇంట్ల కోడలు. ఇద్దరు ఆడపిల్లల తర్వాత కొడుకు కోసం నేనే ఆమె చేతికి ఎర్ర దారం కట్టిన. మంగళవారం, శనివారం పచ్చి మంచినీళ్ళు. ముప్పై ఒక్క వారాలు. ఉపాసం తప్పకుండ చూసుకునే పని నీది. నీ కొడుకు బలరాంకు కూడ చెప్పు.

నీ అన్న,
హాతీరాం


రాళ్ళవాగు తండా
21-07-2007

అన్నకు,

నీ కాయితం బలరాం ఆటోల వచ్చింది, పాల డబ్బాకు తడిసి. అయినా వేడి తగ్గలే.

నువ్వు దేవకమ్మను అడిగినవ్. నేను కూడ అడుగుత. ఆమె కడుపు ఎన్నిసార్లు కోసిండ్రు? ఆమె రక్తం ఎంత ఉండెనో నీ గ్రంథంల ఉందా? నీ బిడ్డది మా రిజిస్టర్ల ఉంది. ఆరున్నర. ఆడమనిషికి పన్నెండు ఉండాలె.

నీకు తెల్సిందే మళ్ళ రాస్తున్న, నువ్వు మర్చిపోయినట్టు మాట్లాడుతున్నవ్ గనుక. సంగీతకు రెండు కాన్పులు కోసే తీసిండ్రు. రెండోసారి భద్రాచలంల డాక్టరమ్మ బయటికొచ్చి మనతోని ఏమన్నది? "గర్భసంచి కాయితం లెక్క పల్చగైంది. ఇంకో కాన్పు వస్తే చీరుకపోతది, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. ఇప్పుడే ట్యూబులు ముడి వేస్త, సంతకం పెట్టుండ్రి" అన్నది. నా కొడుకు పెన్ను పట్టుకున్నడు. నువ్వు తలుపు కాడ నిలబడి "నా బిడ్డను దేవుడు చూసుకుంటడు" అన్నవ్. వాడు పెన్ను కింద పెట్టిండు. ఆ పెన్ను చప్పుడు నాకు ఇంక ఇనపడుతుంది.

పసిదానికి ఇప్పుడు ఏడు నెలలు. పాలు తగ్గినయ్. ఇయ్యాల రేపు ఏ నెలనన్న నీళ్ళు పోసుకోవచ్చు. వచ్చే నెల ఇరవై ఎనిమిదికి క్యాంపు ఉంది. రూలు ప్రకారం మొగని సంతకం కూడ అక్కర్లేదంటది మా సిస్టరమ్మ. ఆడమనిషి ఒప్పుకుంటే చాలు. సంగీతను అడిగిన. చేన్ల పత్తి కలుపుకు పోయినప్పుడు, ఎవరూ లేనికాడ అడిగిన.

"నాకు చావంటే భయం అత్తా. చేయించుకోవాలనే ఉంది" అన్నది.

"మరి నడువు."

"బాపు దారం కట్టిండు. బాపు విప్పమంటే విప్పుత."

ఇరవై మూడేండ్ల పిల్ల, అన్నా. నువ్వు దిద్దుకున్న పలక మీదనే ఐదేండ్లప్పుడు నీ పక్కన కూసొని దిద్దుకున్నది. నీ మాట దాటదు. అందుకని అడుగుతున్న. ఒక్క ముక్క రాయ్. దారం విప్పు బిడ్డా అని. నన్ను తిట్టుకో, యమునికి నా పేరు నువ్వే చెప్పు. ఆ ఒక్క ముక్క మాత్రం రాయ్.

పుష్ప


పాల్వంచ
02-08-2007

పుష్పకు,

రాయను.

రక్తం చూసే మిషన్ దేవుని కంటే పెద్దదా? నేను పదకొండు రోజులు పడుకున్నప్పుడు నా రక్తం ఎవడు చూసిండు? కరెంటు కంపెనీల ఇరవై ఏండ్ల నుంచి బూడిద బెల్టు కాడ షిఫ్టు చేస్తున్న. ఆ బూడిద పీల్చినోళ్ళు సగం మంది దగ్గుకుంట పోయిండ్రు. నేను నిలబడి భజన చెప్తున్న. ఏ మిషన్ నిలబెట్టింది నన్ను?

డాక్టరమ్మ చదువుకున్నది, కాదనను. ఆమె కాన్పులు వేలు చూసింది. నేను ఒక్క మహిమనే చూసిన. కాని నా ఇంట్ల, నా కండ్లతోని చూసిన. మొన్న ఖానాపురం హవేలిల ఒక టీచరమ్మ ఇంట్ల సత్సంగం పెట్టిండ్రు. గడ్డ కథ చెప్పిన. అందరూ నౌకరీలోళ్ళు, స్కూటర్ల మీద వచ్చినోళ్ళు. ఏడ్చిండ్రు. జమ్లి ఎప్పటి లెక్కనే వెనక గోడకు ఆనుకొని కూసొని ఇన్నది. నా కథ అందరి కంటే ఎక్కువసార్లు ఇన్నది ఆమెనే. ఒక్కనాడు కాదనలే.

గట్లాంటి తల్లికి పుట్టిన పిల్లను నువ్వు క్యాంపుకు తోలుత అంటవు. సంగీత నా మాట దాటదని నువ్వే రాసినవ్. అది నీ కాయితంల ఉన్న ఒక్క మంచి మాట.

శ్రావణమాసం వస్తుంది. ఉపాసాలు గట్టిగ చెయ్యమను.

హాతీరాం


రాళ్ళవాగు తండా
30-08-2007

అన్నకు,

క్యాంపుకు తోలుకపోయిన.

కోపం తెచ్చుకోకముందు మొత్తం చదువు. నువ్వు రాయనన్నా, కనీసం రక్తం మళ్ళ చూపిద్దామని తోలుకపోయిన. లైన్ల నలభై మంది. అందరూ పొద్దటి నుంచి ఏం తినలే, పచ్చ గౌన్లు వేసుకొని కింద చాపల మీద కూసున్నరు. ఒకరి జడ ఒకరు అల్లుకుంటున్నరు. మా పక్క తండా ఆమె జోకులేస్తుంది: "ఇయ్యాల నుంచి మా ఆయన అటు తిరిగి పన్నా, ఇటు తిరిగి పన్నా నాకు ఫికర్ లేదు." అందరూ నవ్విండ్రు. సంగీత కూడ నవ్వింది. మెల్లగ నా చెవుల అన్నది, "అత్తా, నా పేరు రాయించు. దారం సంగతి బాపుకు నేను చెప్పుకుంట."

అన్నా, ఆ మాట కోసం నేను రెండు నెలలు చూసిన.

వేలు కుచ్చి రక్తం చూసిండ్రు. ఆరు. జులైల ఆరున్నర ఉన్నది ఇప్పుడు ఆరు. క్యాంపుల ఎనిమిది లేకుంటే ముట్టరు. డాక్టర్ నన్నే తిట్టిండు: "ఆశమ్మా, గోలీలు ఇస్తలేవా?" ఇస్తున్న సారూ. రోజూ నా ముంగటనే మింగుతుంది. ఆకుకూర పెడుతున్న. బెల్లం పల్లీలు పెడుతున్న. వారంల రెండు రోజులు వాళ్ళ నాయిన దేవుడు తీసుకుంటుండు, నేనేం చెయ్యాలె.

ఆమెను లైన్ల నుంచి లేపి పంపిండ్రు. పచ్చ గౌను విప్పి మడతపెట్టి ఇచ్చింది. బస్సుల ఏడవలే. ఇంటికొచ్చి "ఇది బాపు దేవుడు చెప్పిన జవాబు" అన్నది. ఇప్పుడు నేను ఎంత పిలిచినా రాదు. ఆపరేషన్ ఆపింది నీ దేవుడు కాదు. నీ ఉపాసం. ఈ రెండూ ఒకటి కావని నీ బిడ్డకు ఎవరు చెప్పాలె?

ఒక పని చెయ్. ఈ కాయితం వదినెకు చదివి వినిపియ్. ఆమెకు చదువు రాదు గనుక నువ్వు ఏది మింగినా తెల్వదు. మింగకు. నీ దేవుని మీద ఒట్టు.

పుష్ప


పాల్వంచ
23-10-2007

పుష్పకు,

ఒట్టు పెట్టినవ్ గనుక ఆ కాయితం జమ్లికి చదివిన, అక్షరం మింగలే. ఆమె ఇన్నది. బియ్యంల రాళ్ళు ఏరుకుంట ఇన్నది. "ఆరా?" అన్నది. అంతే. తర్వాత దసరా దాకా నాతోని అన్నం తిను, నీళ్ళు తోడు అనే మాటలే.

మొన్న దసరాకు భోగ్ పెట్టినం. గుంట తవ్వి, కట్టెలు పేర్చి అగ్గి రాజేసినం. అగ్గిల నెయ్యి, బెల్లమన్నం వేసి దేవుణ్ణి పిలిచే యాళ్ళకు నేను లేచి నా కట్టు చెప్పిన. "ఆపరేషన్ అయినోళ్ళు పక్కకు జరగాలె."

వంట కాడ పదిహేను మంది ఆడోళ్ళు ఉన్నరు. పదకొండు మంది జరిగిండ్రు. పుష్పా, నాకు గంతమంది అని తెల్వదు. ఏండ్ల నుంచి నా ముంగట కూసొని దేవకమ్మ కథకు తలూపినోళ్ళే. మన పక్కింటి హైమ పోతుపోతు అన్నది: "మారాజ్, బెల్లమన్నం అడుగు అంటుతుంది. కలియబెట్టనీకె మీకొస్తదా?" నవ్విండ్రు. నేను నవ్వలే.

జమ్లి అగ్గి కాడ నిలబడి ఉంది. ఇరవై ఏండ్ల నుంచి నెయ్యి గరిటె ఆమెదే. నేను ఆమె దిక్కు తిరిగి, "కానీయ్, మొదటి గరిటె వెయ్" అన్న.

గరిటె పళ్ళెంల పెట్టింది. కొంగుతోని చెయ్యి తుడుచుకున్నది. పోయి ఆ పదకొండు మంది పక్కన నిలబడ్డది.

నేను అనుకున్న, ముట్టు అయ్యిందేమో, చెప్పరాక జరిగిందేమో అని. "ఏంది?" అన్న. ఆమె అన్నది, మెల్లగనే గాని అందరికీ ఇనపడేటట్టు: "నువ్వే జరగమంటివి."

తెల్లారి బస్సెక్కి నీ దగ్గరికి వచ్చిందట. నా కొడుకు తిరుపతి చెప్పిండు, వాడే స్టాండుల దించిండట. వాడు కూడ నా మొహం చూస్తలేడు.

ఒక్కటే అడుగుత. వంకర లేకుండ జవాబు రాయ్. నీకు తెల్సా?

హాతీరాం


రాళ్ళవాగు తండా
29-10-2007

అన్నా,

అవ్. తెల్సు.

వదినె నా పక్కన కూసున్నది. రాయమన్నది. పంతొమ్మిదేండ్ల నుంచి ఈ కాయితం నా లోపల్నే రాసి ఉంది.

తిరుపతి పుట్టినంక ఒక ఆడపిల్ల పుట్టింది, బండిల దవాఖానాకు తీసుకపోంగ తొవ్వలనే పానం పోయింది. యాదికి ఉందా నీకు, ఆ పిల్లకు పేరు కూడ పెట్టలే. తర్వాత సంగీత. సంగీత అప్పుడు వదినె ఒంట్ల నెత్తురు ఉన్నదో లేదో మంత్రసాని బుల్లెమ్మకే ఎరుక. నాలుగోది ఐదో నెలల జారింది. బుల్లెమ్మ నిన్నే పిలిచి చెప్పింది, "ఇంకోటి అయితే నీ పెండ్లాన్ని పాడె మీద మోసుకపోతవ్" అని. వదినె నిన్ను బతిమిలాడింది. నువ్వు ఏమన్నవ్? "మా నాయినకు నలుగురు కొడుకులు. నాకూ నలుగురు కావాలె."

అప్పుడు ఆమె నా ఇంటికి వచ్చింది. నేనూ ఆమె కలిసి పోయినం. ఖమ్మం దవాఖానాకు కాదు. ఇల్లెందు దిక్కు ఒక బడిల క్యాంపు పెట్టిండ్రు, అక్కడికి. బెంచీలు కలిపి పడుకోబెట్టిండ్రు. మొగని వేలిముద్ర కావాలన్నరు. నీకు అప్పటికి సంతకం రాదు, వేలిముద్రనే గద. మా ఆయన హరిలాల్ వచ్చి బొటనవేలు ఒత్తిండు. బతికి ఉన్నన్ని రోజులు ఆ వేలు చూసుకుంట నవ్వేటోడు, "బావ వేలు నా దగ్గరుంది" అని.

గడ్డ అన్న మాట నాది. దవాఖానాకు ఎందుకు అని నువ్వు అడిగితే నోటికొచ్చింది చెప్పిన. ఆపరేషన్ అయినంక నువ్వు చూడనీకె వస్తవు, అక్కడ తెలుస్తది, తిడుతవు, మీద పడుతవు, ఆ దినంతోని అయిపోతది అనుకున్నం. నువ్వు రాలే. దవాఖానాకు రావాల్సిన మొగడు భద్రాచలం పోయిండు. పన్నెండో రోజు వచ్చి, దేవుడు గడ్డ కరిగించిండని తండా నడుమ పొర్లుదండాలు పెట్టినవ్. మోకాళ్ళ నుంచి నెత్తురు కారింది. అప్పుడు ఎట్ల చెప్పాలె? రేపు చెప్దాం అన్నది వదినె. ఎల్లుండి నువ్వు పలక కొనుక్కొచ్చినవ్. అక్షరాలు దిద్దుకునే మనిషిని చూసి, ఈ పలక నిండనీయ్ అన్నది. గట్ల ఏండ్లు పోయినయ్.

నువ్వు పడుకున్న పదకొండు రోజులు అబద్ధం కాదన్నా. నిన్ను చూసి తాగుడు మానినోళ్ళు అబద్ధం కాదు. కాని వదినె బతికింది క్యాంపుతోని. ఇరవై ఏండ్లు ఆమె కోసిన కడుపుతోనే నెయ్యి వేసింది, అగ్గి ఏనాడన్న ఆరిందా?

సంగీతకు ఆమె యాడి, వదినెనే చెప్పింది, పొయ్యి కాడ కూసోబెట్టుకొని. పిల్ల అన్నదేందో తెల్సా: "యాడి దొంగతనంగ చేసింది. ఇరవై ఏండ్లు గోడకు ఆనుకొని కూసున్నది. నేను గట్ల కూసోను. బాపు చెప్తేనే పోత."

నీ బిడ్డే, అనుమానం లేదు.

పుష్ప


రాళ్ళవాగు తండా
14-11-2007

అన్నా,

నీ నుంచి జవాబు లేదు. రెండు వారాలు చూసిన.

ఇప్పుడు చెప్పేది తిట్టు కాదు. సంగీతకు నెల తప్పింది. తొమ్మిది రోజులు దాటింది. మా దగ్గర పరీక్ష పట్టీలు అయిపోయినయ్, సిస్టరమ్మ వచ్చేవారం తెస్తనన్నది. క్యాంపు ఇరవై తొమ్మిదికి ఉంది. కడుపు నిలిస్తే క్యాంపుల చెయ్యరు. నిలిస్తే అసలు ఏమైతదో డాక్టరమ్మ మనకు ముందే చెప్పింది.

బలరాం ఆటో నడుపుతలేడు. వాకిట్ల కూసొని నేల గీకుతుండు. నిన్న నాతోని అన్నడు, "అమ్మా, ఆనాడు పెన్ను పట్టుకున్న గద, ఎందుకు కింద పెట్టిన?"

వదినె పిల్లకు మూడు పూటలా తినిపిస్తుంది. మంగళవారం, శనివారం మాత్రం ముద్ద నోటి కాడికి తీసుకపోయినా నోరు తెరవదు. చేతికి దారం అట్లనే ఉంది. నల్లగైంది.

రాయాలంటే ఇప్పుడే రాయ్.

పుష్ప


పాల్వంచ
19-11-2007

చెల్లె పుష్పకు,

లోపల ఇంకో కాయితం మడిచి పెట్టిన. అది సంగీతకు. ముందు అది ఇయ్యి, ఇది తర్వాత చదువు.

నువ్వు రాసినంక నాలుగు రోజులు డ్యూటీకి పోలే. గ్రంథాలన్నీ సంచిల కట్టి అటక మీద వేసిన. పొయ్యి అంటించుడు రాక మరమరాలు తిన్న. దేవుని మీద కోపం వచ్చిందా, నీ మీదనా, జమ్లి మీదనా, తెల్వదు. ఐదో రోజు తెలిసింది. నా మీద.

ఒక మాట నువ్వు అడగలే, నేనే రాస్త. జమ్లి కడుపు మీది ఆ కుట్టు నేను చూసిన. గడ్డ ఇంత పెద్దది అని చేతులు చాపి చెప్పినవ్ నువ్వు. కుట్టు చూస్తే వేలెడంత. దేవుడు కరిగిస్తే కుట్టు ఎందుకు, కోసి తీస్తే ఇంత గడ్డ ఇంత సందుల నుంచి ఎట్ల పోయింది అని ఒక్కసారి మనసుల వచ్చింది. అడగలే. అడిగితే నా పదకొండు రోజులు ఏమైతయో అని. జమ్లి దాచింది ఒక్కటి. నేను చూసి చూడనట్టు ఉన్నది దినదినం. ఎవరి తప్పు పెద్దదో లెక్క తేల్చుకున్న.

అటక మీది సంచి మళ్ళ దించిన. పాండవుల పుట్టుక కథ తీసిన. అక్కడొక పుట ఉంది పుష్పా, నేను మండలిల ఎన్నడూ చదవలే. ఎప్పుడొచ్చినా రెండు పుటలు కలిపి తిప్పేటోణ్ణి. కుంతమ్మకు ముగ్గురు కొడుకులు అయినంక పాండురాజు ఇంకొకణ్ణి కనమంటడు. దేవుళ్ళు పిలిస్తే వచ్చే మంత్రం ఆమె నోట్ల ఉంది. అడిగితే ఇంద్రునంతటోడు మళ్ళ వస్తడు. అయినా ఆమె వద్దన్నది. ఎంత ఆపద వచ్చినా నాలుగోది ధర్మం కాదు, పెద్దలు ఒప్పరు అన్నది. మొగడు అడిగిండు, రాజు అడిగిండు. ఆమె చాలు అన్నది. అతను మారు మాట్లాడలే.

దేవకమ్మ కథ వేయిసార్లు చెప్పిన. కుంతమ్మ చాలు అన్నది ఒక్కసారి చెప్పలే. రెండూ ఒకే దేవుని కథలు. నాకు పనికొచ్చేది చదివిన, పనికిరానిది తిప్పిన. జమ్లి కూడ నాతోని చాలు అన్నది. నేను ఆ పుట కూడ తిప్పిన.

నిన్న ఆదివారం మండలిల చెప్పిన. లేచి నిలబడి, "మీకు ఇన్నేండ్లు చెప్పిన గడ్డ కథల గడ్డ లేదు" అన్న. అంతా చెప్పిన. నీ పేరు చెప్పలే, హరిలాల్ వేలు సంగతి మాత్రం చెప్పిన. ఎనిమిది మంది లేచి పోయిండ్రు. ఒకాయన గుమ్మంల ఆగి, "మరి నేను తాగుడు మానింది దేనికి మారాజ్?" అన్నడు. "మానినవ్ గద, ఇగ పట్టకు" అన్న. ఖానాపురం హవేలి టీచరమ్మ నన్ను ఇగ పిలవదు, ఎరుకే. భోగ్ కట్టు ఎత్తేసిన. ఆ పదకొండు మంది కాళ్ళకు దండం పెట్టబోతే హైమ వెనక్కి జరిగింది. "ముందు ఇంట్ల ఆమెను తెచ్చుకోండ్రి" అన్నది.

తొమ్మిది రోజులు అని రాసినవ్. ఈ పొద్దు మొదటిసారి నాకు భద్రాచలం పోవాలనిపించలే. మీ తండాకు రావాలనిపించింది. కాని ఏ మొహం పెట్టుకొని వస్త. దవాఖానాకు రావాల్సిన నాడు రాని మనిషిని.

హాతీరాం

(సంగీతకు రాసింది)

బిడ్డా సంగీతా,

ఈ దారం నేను కట్టిన, నేను విప్పుతున్న. దేవుడు అడగలే దీన్ని, నేను అడిగిన. ఉపాసం ఈ నిమిషంతోని అయిపోయింది. మీ అమ్మ చేతి ముద్ద తిను. నీ ఒళ్ళు నీది. క్యాంపుకు పోవాలని నీకుంటే పో. దొంగతనంగ కాదు. నీ తండ్రి చెప్పిండని అందరికీ చెప్పి పో. నీ ఇద్దరు బిడ్డలు నాకు చాలు. నువ్వు బతికి ఉంటే చాలు.

మనిద్దరం దిద్దుకున్న పలక నా దగ్గరనే ఉంది. నీ పెద్దదానికి పంపిస్త.

బాపు


రాళ్ళవాగు తండా
08-12-2007

అన్నా,

ముందు నువ్వు ఊపిరి పీల్చుకో. సంగీత మంచిగుంది. ఆపరేషన్ అయింది. నిన్న కుట్టు విప్పిండ్రు.

నీ కాయితం ఇచ్చిన్నాడు మంగళవారం. పిల్ల మూడుసార్లు చదివింది, తర్వాత వాళ్ళ అమ్మ ముంగట చెయ్యి చాపింది. దారం ముడి బిగుసుకపోయి రాలే. వదినె పంటితోని కొరికి తెంపింది. అప్పటికప్పుడే జొన్నరొట్టె, గోంగూర పెడితే నాలుగు తిన్నది. బలరాం మేక కాలేయం తెచ్చిండు. నేను వద్దన్నా ఆటో హారన్ కొట్టుకుంట తండా అంత తిరిగిండు, ఎందుకో వానికే తెల్వాలె.

నెల మాట మిగిలింది గద. ఆ వారంలనే పరీక్ష పట్టీ వచ్చింది. సిస్టరమ్మ పట్టీ పట్టుకొని వెలుతురుకు పెట్టి చూసింది. ఒక్కటే గీత. కడుపు కాదు. రక్తం లేక, తిండి లేక నెల ఎగిరింది అన్నది. వదినె లేచి పొయ్యి అంటించింది.

నెల నుంచి వదినె పెట్టిన తిండికి, గోలీలకు, క్యాంపు నాటికి రక్తం ఎనిమిదికి కొంచెం పైన. పట్టీ పొద్దుగాల మళ్ళ ఒకసారి చూసిండ్రు, ఒక్కటే గీత. పాత కోతల సంగతి చూసి, భద్రాచలం డాక్టరమ్మనే వచ్చి చేసింది. లోపలికి పోయేటప్పుడు సంగీత వెనక్కి చూడలే. వదినె మాత్రం గేటు దిక్కే చూసింది పొద్దంత. నువ్వు రాలే. ఇది తిట్టు కాదు, జరిగింది రాస్తున్న.

ఇంకోటి ఉంది. ఫారం నింపేటప్పుడు సిస్టరమ్మ అలవాటుగ మోటివేటర్ కాడ నా పేరు రాయబోయింది. సంగీత ఆపింది. "మా అత్త చెప్పింది నిజమే. కాని నేను వచ్చింది మా బాపు చెప్తే. ఆయన పేరు రాయుండ్రి." సిస్టరమ్మ నవ్వి, "ఆయన ఆశ కాదు గద, మీ అత్త లెక్కల ఒక కేసు పోతది" అన్నది. మన పిల్ల మొండిది తెల్సు గద, లైను ఆగిపోయింది. ఆఖరుకు రాసిండ్రు. గవర్నమెంట్ కాయితంల నీ పేరు ఉందన్నా: మోటివేటర్, హాతీరాం, భజన మండలి, పాల్వంచ. యముడు చదువుకోనీ.

వదినె సంక్రాంతి దాటినంక వస్తదట. నువ్వు అడగకున్నా ఆమె మాట ఆమె చెప్పినట్టే రాస్తున్న: "మీ అన్నకు రాయ్. నెయ్యి గరిటె మళ్ళ పట్టుకుంట. గడ్డ కథ ఇంకోసారి చెప్పమను. ఉన్నది ఉన్నట్టు. ఈసారి నేను గోడకు కూసోను, ముంగట కూసొని ఇంట. తప్పు పోతే అక్కడనే ఆపుత."

ఒక కేసు పోగొట్టుకున్న నీ చెల్లె,
పుష్ప